సముద్రం దగ్గర చౌక ఇల్లు: ఆ చౌక ఎక్కణ్ణుంచి వచ్చింది?

మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ల మధ్య ఇల్లు కొనే మాట రాగానే వినిపించే పేర్లలో పాయింట్ కుక్ ఒకటి. మ్యాపులో చూస్తే పోర్ట్ ఫిలిప్ బే ఒడ్డునే ఉంటుంది. వీడియో కాల్‌లో అమ్మకి చెప్పుకోవడానికీ బాగుంటుంది, సముద్రం పక్కనే ఇల్లని. తీరా వెళ్లి చూస్తే ఆ సబర్బ్‌లో చాలా వీధుల నుంచి సముద్రం కనబడదు, వినబడదు. ఒడ్డున చాలా భాగం పార్కు, చిత్తడి నేలలు, ఒక పాత వైమానిక స్థావరం. పిల్లల్ని తీసుకుని బీచ్‌కి పోదామంటే చాలామంది కారెక్కి ఆల్టోనాకో, వెరిబీ సౌత్‌కో వెళ్తారు. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. దగ్గర్లోని విలియమ్స్ ల్యాండింగ్ స్టేషన్ 2013లో వచ్చింది. ఉదయం పూట దాని పార్కింగ్‌లో చోటు దొరకడం ఒక పరీక్ష.

పాయింట్ కుక్ చెడ్డ చోటని కాదు. అక్కడ హాయిగా ఉన్న కుటుంబాలు బోలెడు. కరివేపాకు, ఇడ్లీ రవ్వ కోసం ఊరు దాటక్కర్లేదు, అదీ ఒక లెక్కే. కానీ ఒడ్డునున్న సబర్బ్ ఏదైనా మన బడ్జెట్‌లోకి వచ్చిందంటే దానికో కారణం ఉంటుంది. ఊరికి దూరం కావచ్చు, పక్కన ఫ్యాక్టరీ ఉండి ఉండొచ్చు, నేల పల్లం కావచ్చు, సముద్రమే బురద కావచ్చు. మొదటిసారి ఇల్లు కొనేవాళ్ల అసలు పని ఆ కారణాన్ని కనిపెట్టడం. కొన్ని కారణాలతో ఇరవై ఏళ్లు హాయిగా బతకొచ్చు. కొన్నిటితో ఒక వానాకాలం కూడా గడవదు.

ఆస్ట్రేలియా సంగతే తీసుకుంటాను. అక్కడి పెద్ద నగరాలు దాదాపు అన్నీ తీరంలోనే ఉన్నాయి, మనవాళ్లూ ఎక్కువే, నాకు తెలిసిన ఊళ్లూ అవే.

వీసా తేలాకే సముద్రం

చాలామంది సబర్బ్‌తో మొదలుపెడతారు. వీకెండ్ అంతా ఇళ్ల వెబ్‌సైట్లు తిరగేసి, ఒక ఇంటి మీద మనసు పారేసుకున్నాక అప్పుడు తెలుస్తుంది ఆ ఇల్లు కొనే హక్కే తమకి లేదని. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు అని చెప్పి, విదేశీయులు పాత ఇళ్లు కొనకుండా ఆస్ట్రేలియా ప్రభుత్వం నిషేధం తెచ్చింది. విదేశీయులంటే ఎక్కడో దుబాయ్‌లో కూర్చున్న పెట్టుబడిదారులు మాత్రమే కాదు. స్టూడెంట్ వీసా, చదువయ్యాక వచ్చే 485, కంపెనీ స్పాన్సర్ చేసే 482, చివరికి పెద్ద నగరాల బయట ఉండాలనే 491 మీద అక్కడే ఉండి పన్నులు కడుతున్నవాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు. సిటిజన్‌నో పీఆర్‌నో పెళ్లి చేసుకుని ఇద్దరి పేరున ఉమ్మడిగా కొనేవాళ్లకీ మినహాయింపు ఉంది.

టెంపరరీ వీసా మీద కొత్త ఇల్లు కొనొచ్చు, అనుమతి తీసుకుని. పది లక్షల డాలర్ల లోపు ఇంటికి ఆ అనుమతి ఫీజే సుమారు 15 వేల డాలర్లు. దాని మీద రాష్ట్రం వేసే విదేశీ కొనుగోలుదారు సుంకం వేరు: మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా, బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్‌లలో 8 శాతం, పెర్త్ ఉన్న పశ్చిమ ఆస్ట్రేలియా, అడిలైడ్ ఉన్న దక్షిణ ఆస్ట్రేలియాలలో 7 శాతం. మెల్‌బోర్న్‌లో 6.5 లక్షల డాలర్ల ఇంటికి ఈ అదనపు సుంకమే 52 వేలు. మామూలు స్టాంప్ డ్యూటీ ఎలాగూ ఉంది. పీఆర్ ఏడాదిలో వస్తుందనుకునేవాళ్లకి నా సలహా ఒక్కటే, అద్దెకి ఉండండి. "అద్దె దండగ" అని ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే మాట ఈ లెక్క ముందు నిలబడదు.

ఇక్కడే 491 వీసా వాళ్లకి ఒక తిరకాసు. ఆ వీసా ‘రీజనల్’ ప్రాంతాల్లో ఉండాలంటుంది. 2019 నవంబర్ నుంచి పెర్త్, అడిలైడ్, గోల్డ్ కోస్ట్, జీలాంగ్ లాంటి ఊళ్లు ఆ జాబితాలో ఉన్నాయి, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ లేవు. అంటే వీసా మిమ్మల్ని మంచి బీచ్‌లున్న ఊళ్లకే పంపుతుంది, పీఆర్ వచ్చేదాకా అక్కడి పాత ఇంటిని మాత్రం ముట్టుకోనివ్వదు. పీఆర్‌కి ముందు గడపాల్సిన ఆ మూడేళ్లు వృథా అనుకోకండి. ఏ ఒడ్డున గాలి ఎలా వీస్తుందో అద్దె ఇంట్లో ఉండి తెలుసుకోవడానికి అంతకన్నా చౌక మార్గం లేదు.

మియాపూర్ ఫ్లాట్ అడ్డొచ్చే చోటు

పీఆర్ చేతికొచ్చాక లెక్క మారిపోతుంది. ధరలో 5 శాతమే చేతి నుంచి పెట్టి మొదటి ఇల్లు కొననిచ్చే ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వ పథకానికి 2025 అక్టోబర్ 1 నుంచి ఆదాయ పరిమితి తీసేశారు, కోటా తీసేశారు. మామూలుగా 20 శాతం కంటే తక్కువ డిపాజిట్ పెడితే బ్యాంకు తన భద్రత కోసం మనచేత ఇన్సూరెన్స్ కట్టిస్తుంది, దాన్నే ఎల్ఎంఐ అంటారు. ఈ పథకంలో ప్రభుత్వం పూచీ ఉంటుంది కాబట్టి అది తప్పుతుంది. ఇంటి ధరకి మాత్రం పరిమితి ఉంది: మెల్‌బోర్న్, జీలాంగ్‌లలో 9.5 లక్షల డాలర్లు, బ్రిస్బేన్ చుట్టుపక్కల 10 లక్షలు, అడిలైడ్‌లో 9 లక్షలు, పెర్త్‌లో 8.5 లక్షలు. గత పదేళ్లలో ఆస్ట్రేలియాలో ఇల్లు లేకపోతే చాలు, హైదరాబాద్‌లో ఉన్న ఫ్లాట్ గురించి ఈ పథకం అడగదు.

అడిగే చోటు వేరే ఉంది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం మొదటి ఇంటికిచ్చే స్టాంప్ డ్యూటీ రాయితీకి ప్రపంచంలో ఎక్కడా మీ పేరున నివాసం ఉండి ఉండకూడదంటుంది. ఆస్ట్రేలియాలో మాత్రమే కాదు, ఎక్కడా. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్‌లలో చూసేది ఆస్ట్రేలియా ఆస్తులనే. మనవాళ్లలో ఉద్యోగం వచ్చిన రెండో ఏడే మియాపూర్‌లోనో మధురవాడలోనో ఫ్లాట్ కొనేసినవాళ్లు ఎంతమందో చెప్పక్కర్లేదు. బ్రిస్బేన్ తీరం మీద ఆశ పెట్టుకుంటే ముందు ఈ లెక్క చూసుకోవాలి. తాతగారి పెంకుటింటి పట్టాలో మీ పేరు కలిసి ఉన్నా సరే, ఆ సంగతి మీ లాయర్‌కి కాగితం మీద సంతకం పెట్టకముందే చెప్పండి. రాయితీ తీసుకున్నాక బయటపడితే సుంకంతో పాటు జరిమానా కూడా కట్టాలి.

ఒక్కో రాష్ట్రం గీత ఒక్కోచోట గీసింది. ఆ గీతలే ఏ సబర్బ్ మీకు చౌకో నిర్ణయిస్తాయి. విక్టోరియాలో మొదటి ఇల్లు 6 లక్షల డాలర్ల వరకు స్టాంప్ డ్యూటీ సున్నా. అదే ఇల్లు 7 లక్షలైతే దాదాపు 24,700 డాలర్లు. 7.5 లక్షలు దాటితే రాయితీ అంతా పోయి 40 వేలు పైన. అంటే 6 లక్షల ఇంటికీ 7 లక్షల ఇంటికీ మధ్య తేడా లక్ష కాదు, లక్షా పాతిక వేలు. పైగా లక్షకి అప్పు దొరుకుతుంది, ఆ పాతిక వేలు మాత్రం చేతి నుంచి తీసి పెట్టాలి. దక్షిణ ఆస్ట్రేలియా మరో దారిన పోయింది. మొదటిసారి కొనేవాళ్లు కొత్త ఇల్లు తీసుకుంటే ధర ఎంతైనా డ్యూటీ లేదు, పాత ఇంటికి మాత్రం రాయితీ అసలే లేదు. 7 లక్షల పాత ఇంటికి సుమారు 32 వేలు కట్టాలి. అందుకే అడిలైడ్ దక్షిణ తీరంలో బీచ్‌కి రెండు వీధుల దూరంలోని 1970ల నాటి ఇంటి కన్నా, మూడు కిలోమీటర్లు లోపలున్న కొత్త ఇల్లు చాలామందికి గిట్టుబాటవుతుంది. క్వీన్స్‌లాండ్‌లోనూ 2025 మే 1 నుంచి మొదటిసారి కొనేవాళ్లకి కొత్త ఇంటి మీద డ్యూటీ లేదు. పాతదానికైతే 7 లక్షల దాకా మాఫీ, 8 లక్షలకల్లా అదీ కరిగిపోతుంది.

డబ్బు ఇండియా నుంచి తెప్పించుకునేవాళ్లకి ఒక ముక్క. అక్కడ నివాసముంటున్న అమ్మానాన్నలు ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల అమెరికన్ డాలర్ల వరకు పంపొచ్చు. పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. ఆ డబ్బు పోదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. కానీ అప్పటిదాకా నాన్నగారి చేతిలో ఆ డబ్బుండదు. పూర్తి డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకునే సెటిల్‌మెంట్ తేదీ దగ్గర పడ్డాక ఈ సంగతి తెలిస్తే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు.

ఒకే బే, రెండు ఒడ్లు

పోర్ట్ ఫిలిప్ బే తూర్పు ఒడ్డున బ్రైటన్. రంగురంగుల చెక్క గదులు వరసగా ఉన్న బీచ్ ఫొటో మీరు చూసే ఉంటారు. అక్కడ ఇల్లు మన తాహతు కాదు. పడమటి ఒడ్డున ఆల్టోనా. నీళ్లవే, ఆకాశమదే, నగరానికి దూరం కూడా పెద్ద తేడా లేదు. ధర మాత్రం ఎంతో తక్కువ. ఎందుకు?

ఎందుకంటే నగరం తనకి కావాల్సినవీ, కంటికి కనబడకూడదనుకున్నవీ పడమటికి నెట్టింది. ఆల్టోనాలో చమురు శుద్ధి కర్మాగారం దశాబ్దాల పాటు నడిచి 2021లో మూతపడింది, ఇప్పుడక్కడ దిగుమతి చేసుకున్న ఇంధనం నిల్వ చేస్తున్నారు. ఇంకా పడమరకి పోతే వెరిబీ దగ్గర 1890ల నుంచి మురుగునీటి శుద్ధి క్షేత్రం ఉంది. మెల్‌బోర్న్ మురుగులో దాదాపు సగం అక్కడికే పోతుంది. దాని విస్తీర్ణం సుమారు 10,500 హెక్టార్లు, అంటే దాదాపు 26 వేల ఎకరాలు. ఇప్పుడు అంతర్జాతీయంగా పేరున్న పక్షుల స్థావరం కూడా అదే. గాలి అటు నుంచి తిరిగిన రోజున మాత్రం చుట్టుపక్కల పక్షుల గురించి ఎవరూ మాట్లాడరు. తూర్పుకీ పడమరకీ ఉన్న ధర తేడాలో పెద్ద ముక్క ఈ చరిత్రే. ఫ్యాక్టరీ మూతపడితే అది ఊడిపోయే కారణం. పడమటి సబర్బ్‌లు ఇరవై ఏళ్లలో అంతగా ఎదగడానికి అదీ ఒక హేతువు. శుద్ధి క్షేత్రం మాత్రం ఎక్కడికీ పోదు. ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడు ఈ రెండిటికీ తేడా గుర్తుంచుకోవాలి.

తూర్పు ఒడ్డునే కిందికి దిగుతూ పోతే క్యారమ్, సీఫర్డ్, ఫ్రాంక్‌స్టన్. ఇక్కడ కారణం వేరు. ఒకటి దూరం, ఫ్రాంక్‌స్టన్ నుంచి సిటీకి రైల్లో గంటకి పైనే. రెండోది పేరు, చాలాకాలం ఆ ఊరంటే మెల్‌బోర్న్‌వాళ్లు మూతి తిప్పేవారు. ఇప్పుడు ధర పెరిగాక అదే నోటితో "అప్పుడే కొనాల్సింది" అంటున్నారు. మూడోది ఏజెంటు చెప్పనిది. క్యారమ్ నుంచి సీఫర్డ్ దాకా ఒడ్డు వెనకాల ఉన్న పల్లమంతా ఒకప్పుడు క్యారమ్ క్యారమ్ అనే పెద్ద చిత్తడి నేల. 1870ల నుంచి కాలువలు తవ్వి నీళ్లు తోడేశారు. ప్యాటర్సన్ నది అని పిలిచేది అలా మనుషులు తవ్విన కాలువే. నేల ఎండింది కానీ ఎత్తు పెరగలేదు. అందుకే అక్కడ కొన్ని వీధులు ముంపు ప్రాంతమని ప్లానింగ్ మ్యాపులో గుర్తు పెట్టి ఉంటుంది, పక్క వీధికి ఉండదు. విక్టోరియా ప్రభుత్వ విక్‌ప్లాన్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. అమ్మేవాళ్లు ఇచ్చే సెక్షన్ 32 పత్రంలో కూడా ఉంటుంది, ఎనభై పేజీల మధ్యలో ఎక్కడో.

ఫ్రాంక్‌స్టన్ వైపు ఇంకో ఆకర్షణ మనవాళ్లకి మాత్రమే అర్థమవుతుంది. శివ విష్ణు ఆలయం ఉన్నది అక్కడికి దగ్గర్లోని క్యారమ్ డౌన్స్‌లో. పడమటి సబర్బ్ టార్నీట్ నుంచి పండగలకి గంటకి పైగా కారు నడిపి వచ్చేవాళ్లు, ఈ పక్కన ఉండేవాళ్లని చూసి కొంచెం కుళ్లుకుంటారు.

బురద సముద్రం, ఇసుక సముద్రం

బ్రిస్బేన్‌కి వెళ్దాం. మ్యాపు చూస్తే తీరం పొడవునా సబర్బ్‌లే: విన్నమ్, శాండ్‌గేట్, రెడ్‌క్లిఫ్, డిసెప్షన్ బే. విశాఖ ఆర్కే బీచ్ లాంటి కెరటాలు ఊహించుకుని వెళ్తే మాత్రం నిరాశే. ఇది మోర్టన్ బే. పెద్ద పెద్ద ఇసుక దీవులు మహాసముద్రపు అలల్ని ఆపేస్తాయి. లోపల నీళ్లు శాంతంగా, లోతు లేకుండా ఉంటాయి. పాటు సమయంలో చాలాచోట్ల నీళ్లు వెనక్కి పోయి, వందల గజాల మేర బురద బయటపడుతుంది. డిసెప్షన్ బే అనే పేరు కూడా, అక్కడ తీరాన్ని చూసి నదనుకుని మోసపోయిన అన్వేషకుడు జాన్ ఆక్స్‌లీ వల్ల వచ్చిందని చెబుతారు. ఏజెంట్ల ఫొటోలు ఎప్పుడూ పోటు సమయంలో తీసినవే. ఇందులో మోసమేమీ లేదు, మనమే రోజుకి రెండుసార్లు మారే సంగతిని ఒక ఫొటోలో వెతుకుతున్నాం.

అయినా మొదటిసారి కొనే కుటుంబానికి ఈ బురద కారణం నాకు నచ్చుతుంది. చిన్నపిల్లలున్న ఇంటికి అలల్లేని సముద్రమే మేలు. బయటి మహాసముద్రపు బీచ్‌లలో రిప్ అనే ప్రవాహం ఒడ్డు నుంచి మనిషిని లోపలికి లాగేస్తుంది, ఈత వచ్చినవాళ్లకే కష్టం. మనవాళ్లలో చాలామందికి ఈతే రాదు. ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగమని ఊరికే చెప్పరు. పైగా రెడ్‌క్లిఫ్ ద్వీపకల్పానికి 2016లో రైలొచ్చింది. సిటీకి దాదాపు గంట. క్వీన్స్‌లాండ్ సిటీ రైళ్లలో ఎంత దూరమైనా టికెట్టు 50 సెంట్లు, 2024 ఆగస్టులో ప్రయోగంగా పెట్టి తర్వాత శాశ్వతం చేశారు. దూరం వల్ల వచ్చిన చౌకకి ఇంతకన్నా మంచి మందు లేదు.

పెర్త్‌లో సముద్రం అసలు సముద్రంలాగే ఉంటుంది. తెల్లటి ఇసుక, హిందూ మహాసముద్రం, పడమటి ఒడ్డు కాబట్టి నీళ్లలోకి దిగే సూర్యుడు. మన కోస్తాలో పుట్టినవాళ్లకి సముద్రం మీద సూర్యోదయమే అలవాటు, ఆ సాయంత్రం మొదటిసారి చూసినప్పుడు ఏదో తిరగబడ్డట్టు ఉంటుంది. నగరం ఒడ్డు వెంట ఉత్తరానికి పాకుతూ పోయింది. యాంచెప్ సుమారు 55 కిలోమీటర్లు. 2024 జులైలో ఆల్కిమోస్, ఎగ్లింటన్, యాంచెప్ స్టేషన్లతో రైలు అక్కడిదాకా చేరింది. అక్కడ చౌకకి కారణం ఒక్కటే, ఊరు ఇంకా పూర్తిగా పుట్టలేదు. స్కూలు వచ్చేస్తుంది, సూపర్ మార్కెట్ వచ్చేస్తుంది, ఆస్పత్రికి చాలా దూరం పోవాలి. ‘వచ్చేస్తుంది’ అన్న మాటలో ఎన్నేళ్లున్నాయో మన శివార్ల వెంచర్లు చూసినవాళ్లకి వేరే చెప్పాలా? 350 చదరపు మీటర్ల ప్లాటు అంటే దాదాపు 419 గజాలు. మన లెక్కకి పెద్దదే. కానీ ఇల్లు దాదాపు అంతా ఆక్రమించేస్తుంది, ములగ చెట్టు పెట్టుకుందామంటే మిగిలేది ఇసుక.

దక్షిణాన రాకింగ్‌హామ్‌లో కారణం తిరగబడుతోంది. క్వినానా పారిశ్రామిక వాడ పక్కనుండటం వల్ల చాలాకాలం చౌక. ఎదురుగా గార్డెన్ ఐలండ్‌లో నౌకాదళ స్థావరం. ఆకస్ అనే మూడు దేశాల రక్షణ ఒప్పందం కింద 2027 నుంచి అమెరికా, బ్రిటన్ జలాంతర్గాములు అక్కడికి వంతుల వారీగా వస్తాయి. వాటి వెనక వచ్చే మనుషులకీ ఇళ్లు కావాలి. చౌకగా ఉన్న రోజుల పేరు విని ఇప్పుడు వెళ్లేవాళ్లు ఆ మార్పుని లెక్కలో వేసుకోవాలి.

ఒక మాట మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. ఐటీ ఉద్యోగాలు ఎక్కువగా సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఉన్నాయి. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంట్లో, ఒకరి ఉద్యోగం పోతే అదే ఊళ్లో ఇంకోటి ఎన్ని నెలల్లో దొరుకుతుంది అన్న ప్రశ్న ముందు బీచ్ ఎంత దూరమన్నది చిన్న ప్రశ్న. నర్సింగ్, మైనింగ్, ఇంజినీరింగ్ వాళ్లకి ఈ జవాబు వేరుగా ఉంటుంది.

ఇన్సూరెన్స్ కాగితం చెప్పే నిజం

మా కాకినాడ వైపువాళ్లకి ఉప్పాడ తెలియందేం కాదు. తుపాను వచ్చిన ప్రతిసారీ సముద్రం రోడ్డుని కొరుకుతుంది, ఇళ్లని మింగుతుంది. అంత చూసి పెరిగినవాళ్లం కూడా విదేశంలో ఇల్లు కొనేటప్పుడు ‘అక్కడ అలా ఉండదులే’ అనుకుంటాం. ఉంటుంది. 2016 జూన్ తుపానుకి సిడ్నీ కొలరాయ్ బీచ్‌లో ఖరీదైన ఇంటి స్విమ్మింగ్ పూలే విరిగి ఇసుకలో పడింది. 2025 మార్చిలో ఆల్ఫ్రెడ్ తుపాను బలహీనపడి బ్రైబీ ఐలండ్ దగ్గర తీరం దాటింది, అయినా గోల్డ్ కోస్ట్ బీచ్‌ల ఇసుక కోసుకుపోయి ఒడ్డు గోడలా మిగిలింది.

అక్కడి హోమ్ ఇన్సూరెన్స్‌లో ‘ఫ్లడ్’ అనే మాటకి 2012 నుంచి అందరికీ ఒకే నిర్వచనం ఉంది: నది, వాగు, కాలువ, చెరువు, డ్యామ్ లాంటివి గట్టు దాటి పొడి నేలని ముంచితే అది ఫ్లడ్. సముద్రం అందులో లేదు. కెరటాలు, పోటు, ఒడ్డు కోత లాంటివాటిని ‘సముద్రపు చర్యలు’ అని విడిగా రాసి, చాలా పాలసీలు పక్కన పెట్టేస్తాయి. తుపానుతో లేచి వచ్చే ఉప్పెన సంగతి ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది. కాబట్టి ఆఫర్ పెట్టకముందే ఆ అడ్రస్‌కి రెండు మూడు కంపెనీల దగ్గర ఇన్సూరెన్స్ కొటేషన్ తీయండి. ఫోన్‌లో పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ఒక వీధిలో ప్రీమియం పక్క వీధికి రెట్టింపుంటే, ఏజెంటు చెప్పనిదేదో ఆ అంకె చెబుతోందన్న మాట. టౌన్స్‌విల్ లాంటి ఉత్తర క్వీన్స్‌లాండ్ ఊళ్లలో ఇల్లు చౌకగా కనబడి, ఇన్సూరెన్స్ దగ్గర ఆ చౌకంతా కారిపోయేది ఇందుకే.

క్వీన్స్‌లాండ్‌లో 2025 ఆగస్టు 1 నుంచి అమ్మేవాళ్లు వివరాల పత్రం ఇవ్వాలని చట్టం వచ్చింది. మంచిదే, కానీ ఇల్లు ఎప్పుడైనా మునిగిందా అన్నది అందులో చెప్పక్కర్లేదు. అది మనమే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. బ్రిస్బేన్, మోర్టన్ బే కౌన్సిళ్లు అడ్రస్ కొడితే ముంపు రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. తీరంలో కొత్త కట్టడాలకి విక్టోరియా, క్వీన్స్‌లాండ్‌లు 2100 నాటికి సముద్రం 0.8 మీటర్లు పెరుగుతుందన్న లెక్కతోనే ప్లాన్ చేస్తున్నాయి. ముప్పై ఏళ్ల లోన్ తీర్చాక ఆ ఇంటిని ఇంకొకరికి అమ్మాల్సి వస్తే, ఆ కొనేవాళ్ల బ్యాంకు ఆ మ్యాపు చూశాకే అప్పిస్తుంది.

ఇంటి లోపలి సంగతి. పాత బీచ్ సబర్బ్‌లలో సెలవుల కోసం కట్టుకున్న చిన్న ఫైబ్రో ఇళ్లు, అంటే సిమెంటు రేకు గోడల ఇళ్లు చాలా ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ధరా అందుబాటులో ఉంటుంది. ఆ ఫైబ్రో రేకుల్లో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆస్ట్రేలియాలో దాన్ని పూర్తిగా నిషేధించింది 2003 చివర్లోనే. ఉన్నదాన్ని కదిలించకపోతే పెద్ద ప్రమాదం లేదు, కానీ వంటగది గోడ కొట్టి పెద్దది చేద్దామనుకున్న రోజున ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఉప్పు గాలి పని వేరే: రేకు కప్పు, గట్టర్లు, ఏసీ బయటి యూనిట్, గేటు కీళ్లు. విశాఖలో బీచ్ రోడ్డు ఇళ్ల కిటికీ ఊచలు చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. బిల్డింగ్ అండ్ పెస్ట్ ఇన్‌స్పెక్షన్‌కి పెట్టే కొన్ని వందల డాలర్ల దగ్గర పొదుపు చేయొద్దు. ఆక్షన్‌లో కొనేటట్టయితే మరీ. విక్టోరియాలో మామూలు కొనుగోలుకి మనసు మార్చుకోవడానికి మూడు పని దినాల గడువుంటుంది, ఆక్షన్‌లో సుత్తి పడ్డాక అది లేదు. క్వీన్స్‌లాండ్‌లో ఐదు పని దినాలు. పశ్చిమ ఆస్ట్రేలియాలో చట్టం ఇచ్చే గడువే లేదు, ఏ షరతైనా ఆఫర్‌లోనే రాసుకోవాలి.

ఇవన్నీ సరిచూసుకున్నా కొన్ని ఎవరి అంచనాకీ అందవు. 2025 మార్చిలో దక్షిణ ఆస్ట్రేలియా తీరంలో విషపు నాచు పుట్టి నెలల తరబడి పాకింది. అడిలైడ్ బీచ్‌లలో చచ్చిన చేపలు, సముద్రపు జీవులు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. బీచ్ కోసమే ఆల్డింగాకో క్రిస్టీస్ బీచ్‌కో వెళ్లినవాళ్లకి ఆ ఏడాది బీచే లేదు. స్కూలు, స్టేషన్, పక్కింటివాళ్లు నచ్చి అక్కడ కొన్నవాళ్లకి మిగతావన్నీ ఉన్నాయి.

నాకు తెలిసిన ఒక జంట ఏడాదిన్నర వెతికారు. ఇద్దరిదీ భీమిలి పక్క, సముద్రం లేకపోతే ఊపిరాడదనేవాళ్లు. శనివారం మధ్యాహ్నం ఓపెన్ ఇన్‌స్పెక్షన్‌లో నచ్చిన ఇంటికి సోమవారం ఉదయం ఏడింటికి మళ్లీ వెళ్లి, స్టేషన్ దాకా కారు నడిపి చూసేవారు. గాలి జోరుగా ఉన్న సాయంత్రం ఇంకోసారి, పాటు సమయంలో ఇంకోసారి. మొదటి నాలుగు ఇళ్లు ఆ మూడో రాకలోనే పోయాయి. చివరికి కొన్నది క్యారమ్ డౌన్స్‌లో, ఒడ్డుకి ఏడెనిమిది కిలోమీటర్లు లోపల, మ్యాపులో ముంపు గుర్తు లేని వీధిలో. అత్తగారు ఫోన్‌లో "మరి సముద్రం ఏదమ్మా?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఆదివారం గుడి నుంచి వచ్చేటప్పుడు సీఫర్డ్ దగ్గర కారాపి, ప్రసాదం పులిహోర పొట్లం విప్పుకుని ఇసుకలో కూర్చుంటారు. వేసవిలో అయితే, పార్కింగ్ దొరికితే.